పెన్సిల్ అంకెలు

హెలినా మంచు మీద జారిపడి కుడి మణికట్టు బెణకకపోయి ఉంటే, ఈ సంగతి ఇంకో రెండేళ్ళు బయటపడేది కాదు. ఫిబ్రవరి నెలాఖరు. సంగీత పాఠశాల మెట్ల మీద ఇసుక చల్లాల్సినవాడు ఆ రోజు చల్లలేదు. ఆవిడ చేతిలో కాఫీ ఫ్లాస్కు, చంకలో పిల్లల పుస్తకాలు. ఫ్లాస్కు దక్కింది, చెయ్యి దక్కలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఎక్కి దిగుతున్న మెట్లు అవి. పడ్డందుకు కాదు, అందరూ చూస్తుండగా పడ్డందుకు ఏడుపొచ్చింది ఆవిడకి.

మర్నాడు మంగళవారం. మూడున్నరకి సైమీ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. బూట్లు వరండాలో విప్పేసి, నానమ్మ అల్లిన ఊలు మేజోళ్ళతో నున్నటి నేల మీద జర్రున జారుకుంటూ వచ్చి పియానో ముందు ఆగడం దానికి అలవాటు. ఆ వేళ ఆగీ ఆగకముందే హెలినా చేతికున్న పట్టీ చూసింది.

"అయ్యో, ఏమైంది హెలినా నీకు?"

"మెట్లు దిగుదామనుకున్నాను. అవే నన్ను దింపేశాయి."

సైమీ పకపకా నవ్వి, మళ్ళీ నవ్వకూడదేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వులే, నేనూ నవ్వుకున్నాను. ఇవాళ కొత్త పాట. ఇరవై మూడో పేజీ తియ్యి. నేను వాయించి చూపించలేను కదా, నువ్వే చూసి మొదలుపెట్టు."

సైమీ పేజీ తీసింది. చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు అంకెలు వెయ్యలేదు."

"ఈ చేత్తో ఎలా వెయ్యను? అయినా తేలికైన పాటేలే. కానివ్వు."

"పోనీ ఎడం చేత్తో వాయించు. ఒక్కసారి. వింటే చాలు నాకు."

"విన్నాక వాయిస్తే నీ గొప్పేముంది? ఇదుగో, ఈ మొదటి చుక్క చూడు. పియానో మీద ఏ మెట్టు అది?"

సైమీ చుక్క వంక చూసింది, హెలినా మొహం వంక చూసింది. "మూడు?" అంది.

"మూడేమిటి?"

"మూడో వేలు."

హెలినాకి అప్పుడు అనుమానం వచ్చింది. అయినా నవ్వు మొహం పెట్టుకునే, అలమారలోంచి మొట్టమొదటి పుస్తకం తీసింది. ఆరేళ్ళప్పుడు సైమీ వాయించిన పాటలవి. వాటిలో ఒక పాట తీసి, మొదటి చుక్క నెత్తిన తను రాసిన పెన్సిల్ అంకె కనపడకుండా ఎడమ బొటనవేలు అడ్డం పెట్టింది.

"ఇది ఏ మెట్టు, తల్లీ?"

"నీ వేలు తియ్యి, చెప్తాను," అంది సైమీ.

ఇక్కడ హెలినా పద్ధతి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆవిడ చిన్నప్పుడు నేర్చుకున్న టీచరమ్మ ఒక స్వరం తప్పితే పెన్సిల్‌తో వేళ్ళ మీద కొట్టేది. స్వరాలు రాసే ఐదు గీతల కాగితం చూస్తే చాలు, చిన్న హెలినాకి ఏడుపొచ్చేది. నా దగ్గర ఏ పిల్లా కాగితం చూసి ఏడవకూడదు అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. అందుకని ప్రతి కొత్త పాటా ముందు తనే వాయించి వినిపిస్తుంది. ప్రతి చుక్క మీదా ఏ వేలితో నొక్కాలో అంకె వేస్తుంది. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు. మామూలు పిల్లలు ఆరు నెలలకి ఆ అంకెలు వదిలేసి చుక్కలు చూడ్డం మొదలుపెడతారు. విన్నది వాళ్ళకి గుర్తుండదు, చేతులు పక్కకి జరిగితే అంకెలూ సరిపోవు, గత్యంతరం లేక చదువుకుంటారు. సైమీకి ఆ గతి పట్టలేదు. ఒకసారి విన్న పాట దాని వేళ్ళకి అంటుకుపోతుంది. పుస్తకం ముందు పెట్టుకుని, చూస్తున్నట్టే ఉండి, మూడేళ్ళు విన్నదే వాయించింది. వసంతోత్సవంలో అది వాయిస్తుంటే నానమ్మలంతా కళ్ళు తుడుచుకుంటారు, వచ్చి హెలినా చెయ్యి పట్టుకుని ఊపేస్తారు. ఆవిడ మురిసిపోతుంది. మురిసిపోయే టీచరుకి అనుమానం ఎక్కణ్ణించి వస్తుంది?

సరే, మురిపెం సంగతి అలా ఉంచండి. ఏప్రిల్ మూడోవారంలో మూడో ఏడు పిల్లలకి పరీక్ష. రెండు పాటలు వాయించాలి, అవి సైమీకి మంచినీళ్ళ ప్రాయం. ఆ తర్వాత ఒక చీటీ ఇస్తారు. దాని మీద ఎన్నడూ చూడని ఎనిమిది ఆవర్తాల పాట. ఒక్క నిమిషం చూసుకుని వాయించాలి. అది రాకపోతే పిల్ల స్థానం పోతుంది. ఆ తీరపు పట్టణానికంతటికీ ఒకటే సంగీత పాఠశాల. పియానో కోసం డెబ్బైమంది పిల్లలు బయట వరసలో ఉన్నారు. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కేది.

దారి లేకపోలేదు. నాలుగేళ్ళ కిందట మార్కెత్తా అనే టీచరు విషయంలో ఇలాగే జరిగింది. తప్పు నేర్పడంలో ఉందని ఆవిడే ఒప్పుకుంటే, ప్రిన్సిపాల్ ఆ పిల్లవాణ్ణి వేరే టీచరుకి అప్పజెప్పి, శరదృతువు దాకా గడువిచ్చాడు. వాడు గట్టెక్కాడు. మార్కెత్తా మాత్రం ఆ ఏడంతా కాఫీగదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. హెలినా కూడా ఆపినవాళ్ళలో ఒకతె. కప్పులోకి చూస్తూ చెంచా తిప్పుతూ కూర్చున్న ఆ రోజులు గుర్తొచ్చి ఆవిడకి తల తీసేసినట్టయింది. అంతకన్నా పెద్ద బాధ, సైమీని ఇంకొకరికి ఇచ్చెయ్యడం. ఇరవై ఆరేళ్ళలో అలాంటి చెవి ఉన్న పిల్ల ఒక్కతే దొరికింది ఆవిడకి. ఏడు వారాలున్నాయి కదా, నేనే నేర్పేస్తాను, ఎవరికీ తెలియాల్సిన పని లేదు అనుకుంది.

మొదలుపెట్టింది. అట్టముక్కల మీద చుక్కలు గీసి ఆటలా ఆడించింది. నేల మీద ఐదు టేపులు అంటించి సైమీని వాటి మీద గెంతించింది. గెంతినంతసేపు బాగానే ఉంది. పియానో ముందు కూర్చోగానే అంతా మాయం. గంటల తరబడి ఆగకుండా పాటలు వాయించే పిల్ల, ఒక్కో చుక్కా వెతుక్కుంటూ, తప్పు నొక్కి, ఆ తప్పు తన చెవికే తగిలి ఉలిక్కిపడుతూ, బిక్కమొహం వేసుకుని కూర్చునేది.

"ఇది నేను వాయిస్తున్నట్టు లేదు," అంది రెండో వారం. "ఇంకెవరో వాయిస్తున్నట్టుంది. చెడ్డగా."

"కొత్తలో అందరికీ అంతే."

"నాకెప్పుడూ కొత్తలో ఇలా లేదు. నాకు తెలివి పోయిందా, హెలినా?"

"ఛ, అవేం మాటలు!" అంది హెలినా. నీకు కాదు, నాకు అని అనలేకపోయింది.

మూడో మంగళవారం సైమీ వాళ్ళ నాన్న ఆర్తో లోపలికొచ్చాడు. మున్సిపాలిటీలో మంచు తోసే బండి నడుపుతాడు. తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి, ఎప్పుడూ వరండా బల్ల మీద కునికిపాట్లు పడుతూ కూతురి పాట వింటాడు. ఆ రోజు టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకు హెలినా. ఇంట్లో ఇది పియానో మూత తియ్యడం మానేసింది. నాలుగురోజులైంది. జ్వరమొచ్చినప్పుడు కూడా ఇలా లేదు. ఏమైనా తిట్టావా?"

"నేనా? లేదే!"

"అదే నేనూ అన్నాను. హెలినా తిట్టే మనిషి కాదే అని." టోపీ ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పరీక్షలో గట్టెక్కుతుంది కదా? పక్కింటావిడ ఏదో చీటీ అంటోంది. నాకు ఇవేం తెలీవు. ఇది పోతే దానికి ఇంకోటి లేదు. స్నేహితులు కూడా పెద్దగా లేరు. పియానోనే."

అదీ సమయం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. "గట్టెక్కకేం, భేషుగ్గా గట్టెక్కుతుంది," అంది హెలినా. ఆ మాట తన నోటినుంచి అంత సునాయాసంగా వచ్చేసరికి తనకే భయం వేసింది.

ఆ రాత్రీ, ఆ తర్వాతి రాత్రీ కంటి మీద కునుకు లేదు. మూడోరోజు పొద్దున కాఫీలో యాలకుల బన్ను ముంచుకుంటూ ఉండగా ఉపాయం తట్టింది. తట్టకపోయినా బాగుండేది. ఆ ఏడు పరీక్ష చీటీలు రాసే వంతు హెలినాదే. ఏ చీటీ మీద ఏ పాట ఉంటుందో, ఎవరి ముందు ఏ చీటీ పెడతారో అంతా ఆవిడ చేతిలోనే ఉంది. సైమీకి ఒక్కసారి వింటే చాలు కదా! చీటీ పాట ముందే చెవిలో వేసేస్తే? చదివినా, విని వాయించినా, గదిలో వినపడేది ఒకటే.

ఎనిమిది ఆవర్తాల చిన్న పాట రాసింది. పైకి ఎక్కి, మధ్యలో ఒక చిన్న మెలిక తిరిగి, ఇంటికొచ్చినట్టు కిందకి దిగే పాట. తప్పు పనికి రాసింది గానీ, చెప్పకేం, ముద్దుగానే వచ్చింది. తర్వాతి మంగళవారం అట్టముక్కలన్నీ అవతల పారేసింది.

"ఇవాళ్టినుంచి చుక్కలు బంద్. క్లాసు అయిపోయాక ఒక సెలవు పాట పాడుకుందాం, విను." తనే గొంతెత్తి లాలా అని పాడింది.

సైమీ మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టయింది. పాట ఆగకముందే చేతులు పియానో మెట్ల మీద ఉన్నాయి. మూడు వారాలు, ప్రతి క్లాసు చివరా అదే పాట. ఇంట్లో పియానో మూత మళ్ళీ తెరుచుకుందని ఆర్తో వచ్చి చెప్పి, పెరట్లో కాసిన బెర్రీల జామ్ సీసా ఒకటి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ సీసా హెలినా ఇంట్లో మూత తియ్యకుండా అలాగే ఉండిపోయింది. ఎలా తింటుంది?

పరీక్ష రోజు బయట మంచు కరిగి అంతా బురద. గదిలో హెలినా పక్కన తౌనో కూర్చున్నాడు. పాఠశాల టీచర్లలో అందరికన్నా పెద్దవాడు, సన్నటి మనిషి, నల్లటి ఉప్పు మిఠాయి బిళ్ళలు చప్పరిస్తూ ఉంటాడు. పిల్లలకి ఆయనంటే హడల్. కానీ ఒక్క మార్కు అన్యాయంగా వెయ్యడు, ఒక్కటి తగ్గించడు. అందుకే హెలినాకి కూడా ఆ రోజు ఆయనంటే హడల్‌గా ఉంది. అరచేతులు స్కర్టుకి తుడుచుకుంటూనే ఉంది.

సైమీ రెండు పాటలూ వాయించింది. రెండోదానికి తౌనో బిళ్ళ చప్పరించడం ఆపేశాడు.

"ఈ చెవి ఎక్కడిదమ్మా నీకు?" అన్నాడు.

"నానమ్మది," అంది సైమీ బుద్ధిగా, చెవి తడుముకుంటూ. తౌనో నవ్వాడు. తౌనో నవ్వడం హెలినా చూసింది అదే మొదటిసారేమో.

"సరే, ఇక చీటీ. ఒక నిమిషం చూసుకో. తొందర లేదు."

హెలినా చీటీ స్టాండు మీద పెట్టింది. ఇంకో రెండు నిమిషాలు, అంతే, గండం గడిచినట్టే అనుకుంది. సైమీ చీటీ చూసింది. చూస్తూనే ఉంది. హెలినా ఎదురుచూసింది, ఇప్పుడు గుర్తుపడుతుంది, ఇప్పుడు కళ్ళు మెరుస్తాయి అని. మెరవలేదు. అర నిమిషం అయింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. కింద ఊలు మేజోళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

అప్పుడు తెలిసొచ్చింది హెలినాకి. అంత తెలివిగా పన్నిన పన్నాగంలో ఇంత చిన్న విషయం ఎలా తట్టలేదు? చదవడం రాని పిల్లకి చీటీ మీద ఉన్నది ఏ పాటో ఎలా తెలుస్తుంది? మూడు వారాలుగా రోజూ పాడుకుంటున్న పాటే కళ్ళముందుంది. దానికి మాత్రం అది నల్లచుక్కలు, ఐదు గీతలు, అంతే. చెవిలో ఉన్న పాటకీ కాగితం మీద ఉన్న పాటకీ మధ్య దారి వెయ్యాల్సిన మనిషి ఆ దారే వెయ్యలేదు.

"మొదలుపెడదామా?" అన్నాడు తౌనో, మెత్తగానే.

సైమీ తలతిప్పి హెలినా వంక చూసింది. ఏడుపు ఆపుకుంటున్న పిల్ల చూపు. ఆ చూపు హెలినా తట్టుకోలేకపోయింది. తను ఏం చేస్తోందో తనకే తెలియనట్టు, దగ్గుతున్నట్టు గొంతు సవరించుకుని, పెదవులు విప్పకుండా మొదటి నాలుగు స్వరాలు కూనిరాగం తీసింది.

"ఓ, ఇదా!" అంది సైమీ.

ఎనిమిది ఆవర్తాలూ వాయించేసింది. ఒక్క తప్పు లేదు. మధ్యలో మెలిక దగ్గర కొంచెం నెమ్మదించి మరీ వాయించింది, చీటీ మీద అలా రాయకపోయినా. చీటీ వంక ఒక్కసారి కూడా చూడలేదు. చూపంతా హెలినా మొహం మీదే. చివరి స్వరం ఆగాక కుర్చీలో గిర్రున తిరిగింది.

"చదవడమంటే ఇంతేనా? నేను ఏదోలే అనుకుని భయపడి చచ్చాను! నువ్వు పాడతావు, నేను వాయిస్తాను, అంతే కదా? ఇది నాకు ఎప్పట్నుంచో వచ్చు!"

తౌనో పెన్ను కాగితం మీదే ఆగి ఉంది. ఆయన హెలినా వంక చూడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఆయన మార్కులు రాసేస్తాడని ఆవిడకి అర్థమైంది. ముసలివాడు తనకి ఒక అవకాశం ఇస్తున్నాడు, ఏ అవకాశమో మాత్రం తననే తేల్చుకోమంటున్నాడు. అవతల పిల్ల వెలిగిపోతూ కూర్చుని ఉంది, చదవడం వచ్చేసిందని. రాసేస్తే స్థానం ఉంటుంది. నాలుగో ఏడు కూడా ఇలాగే పాడాలి. ఐదో ఏడు కూడా. ఏదో ఒక రోజు, ఎవరూ కూనిరాగం తియ్యని గదిలో, ఇది పదిమంది ముందు మళ్ళీ ఇలా చెవులు ఎర్రబడి కూర్చుంటుంది, తప్పు తనదే అనుకుంటూ.

"రాయకు తౌనో," అంది. "ఆ పాట నేనే ముందు నేర్పాను. పిల్లకి చదవడం రాదు. మూడేళ్ళూ అంకెలు చూసీ, నన్ను వినీ వాయించింది. నేను నేర్పలేదు. ఫిబ్రవరిలో తెలిసింది, దాచాను."

తౌనో బిళ్ళని ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకి మార్చాడు.

"మార్కెత్తా అయితే తెలిసిన రోజే ప్రిన్సిపాల్ గది తలుపు కొట్టింది," అన్నాడు.

"నాకు తెలుసు."

"తెలుసు. సరే." పెన్ను మూత పెట్టాడు. "ఈ పిల్లకి సెప్టెంబరు దాకా గడువడుగుతాను. ప్రిన్సిపాల్ కాదనడు, చెవి అలాంటిది. నా దగ్గర మంగళవారం నాలుగుంపావు ఖాళీ ఉంది. నీ సంగతి ఏమవుతుందో మాత్రం నాకు తెలీదు, హెలినా. అది నువ్వే వెళ్ళి మాట్లాడుకో."

సైమీ వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. వెలుగంతా పోయింది మొహంలో.

వరండాలో ఆర్తో కూతురి బూట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. హెలినా ఆయనకి అంతా చెప్పింది, నీళ్ళు నమలకుండా, నిలబడే. ఆర్తోకి కోపం వస్తుందనుకుంది, రావాలనీ కోరుకుంది. ఆయన బూట్లు నేలమీద పెట్టాడు.

"భేషుగ్గా గట్టెక్కుతుందన్నావు," అన్నాడు.

హెలినా సైమీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "చూడు తల్లీ, నువ్వేం తప్పు చెయ్యలేదు. తప్పంతా నాది. వచ్చే మంగళవారం నుంచి నువ్వు తౌనో దగ్గరికి వెళ్తావు. చదవడం ఆయన నేర్పుతాడు."

"ఆయన ముందు వాయించి చూపిస్తాడా?"

"చూపించడు."

సైమీ బూటు తాడు ముడివేసుకుంది. వదులైతే విప్పి మళ్ళీ వేసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని హెలినాకి అనిపించింది.

"నాకు చదవడం రాదని నాకెందుకు చెప్పలేదు? తెలివి పోయిందా అని కూడా అడిగాను నిన్ను."

ఎన్ని జవాబులైనా చెప్పొచ్చు. నీకు బాధ కలుగుతుందని అనొచ్చు, నేర్పేద్దామనుకున్నానని అనొచ్చు. అన్నీ సగం నిజాలే. హెలినా ఈసారి మొత్తం నిజమే చెప్పింది.

"చెబితే నువ్వు నా దగ్గర ఉండవని."

సైమీ లేచి నిలబడింది. ఆ మాట గురించి కాస్త ఆలోచించింది.

"ఇప్పుడు కూడా ఉండను కదా," అంది, టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.